కుడి కిటికీ

"ఎడమనా? ఎవడు చెప్పిండు నీకు?" భద్రయ్య ట్రావెల్స్ ఆఫీసు బల్ల మీద అరచేత్తో కొట్టాడు.

కార్ఖానా ఏరియాలో ఆ ఆఫీసు నడిపే సత్యదేవ్ కంప్యూటర్ తెరను ఆయన వైపు తిప్పాడు. "ఢిల్లీ నుంచి బాగ్‌డోగ్రా వెళ్లేటప్పుడు హిమాలయాలు ఎడమ పక్కే కనిపిస్తాయండి. రెక్క అడ్డు రాకుండా వెనకాల ఇరవై నాలుగో వరుసలో ఇస్తాను. ఒకరికి కిటికీ, ఒకరికి పక్క సీటు."

"నువ్వు విమానం ఎన్నిసార్లు ఎక్కినవ్?"

"రెండుసార్లండి."

"రెండే! నేను ముప్పై రెండేండ్లు రైలు మీద బతికిన. ఏసీల కూసొని నాకు దిక్కులు చెప్తవా?"

భద్రయ్య లేచాడు. ఆఫీసు మధ్యలో కాళ్లు ఎడంగా పెట్టి, డ్యూటీలో ఉన్నట్టే నిలబడ్డాడు. తలుపులోంచి వచ్చే పొద్దుటి ఎండ ఆయన వీపు మీద పడింది.

"బండి తూర్పుకు పోతాంది. కొండలు ఉత్తరాన. ఉత్తరం ఏ చేతికొచ్చింది?" కుడి చెయ్యి చాచాడు. "గిదీ. కుడి. రాసుకో."

ఆయన భార్య బుచ్చమ్మ కుర్చీ అంచున కూర్చుని ఉంది. ఆ ఎండ వైపు ఒకసారి, భర్త వైపు ఒకసారి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీరైనా చెప్పండమ్మా," అన్నాడు సత్యదేవ్. "కొండలు చూడ్డానికే కదా వెళ్లేది?"

"దానికేమెరుక? వంటింట్ల మంచుకొండ బొమ్మ పెట్టుకొని ఇరవై ఏండ్ల సంది చూపియ్యి, చూపియ్యి అని నా పానం తీసింది. మంచు గావాల్నంటే ఫ్రిజ్ తెరువుమన్న."

"నాకు సుత కిటికీ పక్కనే కావాలె," అంది బుచ్చమ్మ.

"ఎందుకు? ఎక్కంగనే గుర్రు పెడ్తవ్." భద్రయ్య నవ్వాడు. "సరే తమ్మీ, నువ్వు చెప్పిన ఆ ఎడమ కిటికీ దీనికి పడెయ్. కుడిది నాకు. వీడియో తెస్తనని మౌలాలి కాలనీ మొత్తానికి చెప్పిన."

"అమ్మా..." అన్నాడు సత్యదేవ్ చివరిసారిగా.

"ఆయన చెప్పినట్టే కొట్టు బిడ్డా," అంది బుచ్చమ్మ.

విమానం ఢిల్లీలో లేచి గంటయింది. ఎండ సూటిగా కొట్టి భద్రయ్య కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అయినా ఫోన్ అద్దానికి ఆనించే పట్టుకున్నాడు. కింద మట్టి రంగు నేల. దాని మీద గీతలా ఒక నది. అంతే.

ఎడమ పక్క కలకలం మొదలైంది. జనం సీట్లలోంచి లేచి ఫోన్లు చాస్తున్నారు.

"ఎన్నడూ మబ్బులు చూడనట్టు ఎట్ల ఎగబడుతున్నరో చూడు, జాహిల్‌గాళ్లు," అన్నాడు పక్క సీటాయనతో. ఆయన లేచి వెళ్లి వాళ్లలో కలిశాడు.

భద్రయ్యకు అనుమానం వచ్చింది. లేచి వెళ్దామనుకున్నాడు. వెళ్తే తనది తప్పని ఒప్పుకున్నట్టే. కూర్చున్నచోటు నుంచే అరిచాడు.

"ఏమే, నీ పక్క ఏమన్న కనబడ్తాందా?"

బుచ్చమ్మ కిటికీ నిండా మంచుకొండలు. ఒకదాని వెనక ఒకటి, తెల్లగా, ఎంత దూరం చూస్తే అంత దూరం. ఆమె నుదురు అద్దానికి ఆనించింది. తల తిప్పలేదు.

"ఏం లేదు. మబ్బులే. జెర ఓపిక పట్టుండ్రి, మీ పక్కకే వస్తయి."

ముప్పై రెండేళ్లు గూడ్సుబండి ఆఖరి డబ్బాలో గార్డుగా వెనక్కి చూస్తూ బతికిన మనిషి, ట్రావెల్స్ ఆఫీసులో కూడా తూర్పుకు వీపు పెట్టే నిలబడ్డాడని ఆమె ఆ రోజే చూసింది.