ఏడో దెబ్బ తర్వాత

విశాఖలో ఇప్పుడు ప్రతి వంటింటి స్పీకరూ పనికి తగ్గ పాట తానే ఎంచి వేస్తుంది. ఈ వారం అన్ని ఇళ్ళలోనూ ఒకటే ఆల్బం. అది కిరీటి వాళ్ళ మెటల్ బ్యాండ్‌ది.

ఇన్నేళ్ళూ ఏడు దెబ్బల తాళంలో వాయించిన బ్యాండ్ అది. ఈసారి అందరికీ నచ్చాలని అన్నీ నాలుగు దెబ్బల పాటలే చేశారు. పాత అభిమానులు దుమ్మెత్తిపోశారు. డ్రమ్మర్ కిరీటికీ మనసొప్పలేదు. అందుకే గాయకుడు శామ్యూల్‌కి చెప్పకుండా చివరి పాటలో ఒక్కచోట ఏడు దెబ్బలు దూర్చాడు.

ఆ పాట మొదలయ్యేసరికి వంటింట్లో కిరీటి ఎదురుగా అతని భార్య హైమ బెండకాయలు తరుగుతోంది. అపార్టుమెంటంతా కత్తులూ చీపుళ్ళూ ఒకే లయలో కదులుతున్నాయి. ఏడు దెబ్బలు రాగానే అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. హైమ కత్తి గాల్లోనే ఉంది. ఆమె రెప్ప వాల్చడం లేదు.

"హైమా!" అని అరిచాడు కిరీటి.

స్పీకర్ గొంతు సవరించుకున్నట్టు గరగరమని, అదే చోటు మళ్ళీ వేసింది. ఈసారి నాలుగూ నాలుగూ ఎనిమిది దెబ్బలు. అన్ని అంతస్తుల్లోనూ కత్తులు మళ్ళీ కదిలాయి.

"ఏంటండీ, అలా అరిచారు?" అంది హైమ తరుగుతూనే.

కిరీటి శామ్యూల్‌కి ఫోన్ చేశాడు. "ఒరేయ్, నా ఏడు దెబ్బల్ని ఈ స్పీకర్ మార్చేసిందిరా!"

"ఏ ఏడురా? మనం ఇన్నేళ్ళూ నాలుగే కదా వాయించింది!"

కిరీటి ఫోన్ పెట్టేశాడు. స్పీకర్ వైరు పీకేసి, ఆ నిశ్శబ్దంలో బల్ల మీద వేలితో ఏడు దెబ్బలు కొట్టి ఆపాడు.

ఆపాననుకున్నాడు. వేలు దానంతటదే లేచి ఎనిమిదోది కొట్టింది.