నాలుగో చరణం

వాగు పొంగి బెజవాడ బస్సులు ఆగిపోయి అది మూడో రోజు.

సుందరరాజు గుమ్మంలో నిలబడి, రాని బస్సు కోసం రోడ్డు వంక చూస్తున్నాడు.

లోపల మంచం మీద భార్య రిబ్కా. విషజ్వరం పట్టుకుని పద్దెనిమిది రోజులైంది. "ఇక తిరువూరులో మావల్ల కాదు, బెజవాడ తీసుకెళ్లండి" అని డాక్టరు చేతులెత్తేసిన రోజే వాన మొదలైంది. నిన్నటి నుంచి ఆమె గొంతులోకి గంజి చుక్క దిగటం లేదు. ప్రార్థన చేద్దామంటే సుందరరాజుకు మాటలు రావటం లేదు.

మాటలకు తడుముకునే మనిషి కాదతను. బళ్లో పంతులు, చర్చిలో పాటలు ఎత్తేవాడు. పెళ్లికైనా చావుకైనా అతను గొంతు సవరించుకున్నాకే మిగతావాళ్లు నోరు విప్పాలి. పాటల పుస్తకం చేత్తో పట్టుకోవటం అతనికి నామోషీ. అన్నీ కంఠతా వచ్చునాయె!

"బాబూ, కాసేపు ఇక్కడ కూచోనా? చర్చి వరండా కురుస్తోంది."

తడిసిన తెల్లచీరతో ఒక ముసలామె అరుగెక్కింది. చేతిలో గుడ్డసంచి.

"మాది వినగడప. నన్ను మాణిక్యమ్మ అంటారు. బస్సుల్లేక ఇక్కడే చిక్కుబడిపోయాను. లోపల ఎవరికి బాగాలేదు బాబూ?"

"నా భార్యకండి. జ్వరం."

ఆమె తిన్నగా లోపలికొచ్చి మంచం పక్కన కూలబడింది. రిబ్కా నుదుటి మీద చెయ్యి వేసి సన్నగా పాట అందుకుంది.

"ఏటి నడుమ నిలిచినావయ్యా, యేసయ్యా,
నే దాటేదాకా కదలవయ్యా..."

సుందరరాజు గుమ్మంలోంచి గబుక్కున లోపలికొచ్చాడు.

అది సమాధి పాట. తిరువూరులో పెట్టెను గుంటలోకి దించేటప్పుడే పాడతారు. మూడు చరణాలయ్యేసరికి తలా గుప్పెడు మన్ను వేస్తారు, పాట అక్కడితో ఆగిపోతుంది. విని విని అందరికీ నోటికొచ్చేసింది, దానికోసం పుస్తకం తెరిచేవాళ్లే లేరు. ఇళ్లల్లో మాత్రం ఎవరైనా కూనిరాగం తీసినా పెద్దవాళ్లు ఊరుకోరు.

వంటింట్లోంచి సుందరరాజు తల్లి అక్కమ్మ గంజి గిన్నెతో పరిగెత్తుకొచ్చింది.

"బతికున్న మనిషి దగ్గర ఆ పాటేంటి! నీ నోట్లో మన్ను పడ!"

ముసలామె పాట ఆపలేదు. ఆ గిన్నె అందుకుని చెంచాతో రిబ్కా పెదవులకు ఆనించింది.

రిబ్కా కళ్లు తెరిచింది. గుటక వేసింది. రెండో చెంచా కూడా తాగింది.

సుందరరాజు అది కళ్లారా చూశాడు. చూసి కూడా భయపడ్డాడు.

"ఆపండమ్మా! అది చావు పాట."

"చావు పాటని ఎవరన్నారు బాబూ?"

"ఏరు దాటటమంటే చనిపోవటమే కదా! ఇరవై ఏళ్లుగా నేను ఎత్తుతున్న పాట. దాని అర్థం మీరు నాకు చెప్పాలా?"

"బైబిల్లో యెహోషువ గ్రంథం తీసి చూడు. యొర్దాను నది దాటినవాళ్లు బతికే దాటారు. దాటి ఆ ఒడ్డున పండిన పంట తిన్నారు. దేవుడి ఆజ్ఞలున్న పెట్టె, ఆ మందసం, అవతలి గట్టున లేదు బాబూ, ఏటి మధ్యలో ఉంది, చిట్టచివరి మనిషి దాటేదాకా. చచ్చాక ఎదురొచ్చే దేవుడు కాదు, మునిగిపోయే చోట నిలబడే దేవుడు. బతికి గట్టెక్కాక సంగతే నాలుగో చరణం. పాడనీ."

"నాలుగోదా? ఆ పాటకు ఉన్నవే మూడు!"

"ఉంది బాబూ" అంది ఆమె, జాలిగా చూస్తూ.

"మీకు పాటా తెలీదు, పద్ధతీ తెలీదు. వెళ్లండి!"

చెయ్యి పట్టుకుని గుమ్మం దాటించాడు. ఆమె సంచి నెత్తిన పెట్టుకుని వానలోకి దిగిపోయింది.

మధ్యాహ్నం రిబ్కా పెదవులు కదిలాయి.

"ఏవండీ... ఆ అమ్మ ఏది? మిగతాది పాడమనండి."

"తగ్గాక పాడించుకుందాంలే."

"పోనీ, మీరు పాడండి."

ఊరందరి గుంటల దగ్గరా పాడిన గొంతు భార్య అడిగితే పెగల్లేదు. ఆ పాట పాడితే రిబ్కా పోతుందేమోనని భయం. వేరే పాటలు నాలుగు పాడాడు. రిబ్కా ముఖం గోడవైపు తిప్పుకుంది. అక్కమ్మ పోసిన గంజి పెదవి పక్కనుంచి కారిపోయింది.

ఇక లాభం లేదని సుందరరాజు గొడుగైనా లేకుండా పరిగెత్తాడు. చర్చి వరండాలో లేదు. బస్టాండులో లేదు.

"ఆ మామ్మగారా? పొద్దున్నే వినగడప దారిన నడిచి పోయారు సార్. ఆగమన్నా ఆగలేదు" అన్నాడు టీకొట్టు యోసేపు.

వాగు మర్నాడు తీసింది. రిబ్కా అంతదాకా ఆగలేదు.

సమాధి దగ్గర పాట ఎత్తటం సుందరరాజు వల్ల కాలేదు. సంఘపెద్ద రాయప్ప ఎత్తాడు. మూడు చరణాలయ్యాయి. తలా గుప్పెడు మన్ను వేశారు. పాట ఆగింది.

"ఇంకోటి ఉంది" అన్నాడు సుందరరాజు.

"ఏముంది రాజూ? అయిపోయింది, పద" అని రాయప్ప భుజం పట్టుకున్నాడు.

సుందరరాజు విదిలించుకుని, రాయప్ప చంకలోని పాటల పుస్తకం లాక్కున్నాడు. గబగబా పేజీలు తిప్పాడు.

ఉంది.

"గట్టు మీద పొయ్యి పెట్టి గంజి కాచెదనయ్యా,
నిన్న నాకై ఏడ్చినోళ్లకు నేనే పోసెదనయ్యా."

గుంట పక్కన నిలబడి ఆ రెండు పాదాలూ పైకి పాడాడు. జనమంతా తలలు వంచుకున్నారు.

దాని కింద, ఇరవై ఏళ్లలో అతను ఒక్కసారైనా చూడని సన్నటి అక్షరాల్లో ఉంది: "విషజ్వరమునుండి లేచిన దినమున వ్రాసినది – వినగడప మాణిక్యమ్మ."