పిల్లికూనకు చెప్పనిది

పిల్లికూన ఆమె ఒళ్లో గుడ్డపీలికలా వాలిపోయింది. డాక్టరు ఫోన్లో చెప్పినట్టే దాని చిగుళ్లకు తేనె రాస్తోందామె.

"పొద్దున దాని షుగరు జబ్బుకు ఇన్సులిన్ సరిగ్గానే ఇచ్చానే..." తనలో తాను గొణుక్కున్నాడు భర్త.

ఆమె వేలు ఆగిపోయింది. "నేనూ ఇచ్చాను."

ఆలుమగలకు మాటల్లేక వారమైంది. ఏం చెప్పుకోవాలన్నా కూనతోనే.

"మీ నాన్నను భోజనానికి రమ్మనవే."

"ఆకలి లేదని మీ అమ్మకు చెప్పవే."

సూది పడిన సంగతి కూనకు తెలిసిందే కదా అని, అదొక్కటీ ఇద్దరూ దానికి చెప్పలేదు.

ఎట్టకేలకు కూన తేనె నాకింది.

"డాక్టరు దగ్గరికెళ్లాలి, మీ నాన్నను బండి..." ఆమె నాలుక కరుచుకుంది. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఏమండీ," అంది, తలెత్తకుండానే. "బండి తియ్యండి."