అలమర తాళం

వంటగది గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు మొగుడు. అలమర తాళంచెవి అతని గుప్పిట్లో ఉంది.

"ఇలా ఇవ్వండి. ఆకలికి కళ్ళు తిరుగుతున్నాయి," అంది పెళ్ళాం.

"కాళ్ళావేళ్ళా పడ్డా ఇవ్వొద్దని ఒట్టు వేయించుకుంది నువ్వే కదుటే!"

"అప్పుడు ఒళ్ళు తగ్గాలి, తగ్గి సగం మనిషినయ్యాను. ఇప్పుడు కండ పట్టాలంటే బాగా తినమని జిమ్ కోచ్ చెప్పాడు."

"ఒకసారి డాక్టరు చెప్పాడన్నావు. ఇంకోసారి కల్లో మీ నాన్న చెప్పాడన్నావు. నేను ఒట్టు తప్పే రకం కాదు."

ఆమె మోకాళ్ళు వంచి, ఊపిరి బిగబట్టి, కుర్చీతో సహా మొగుణ్ణి ఎత్తి పక్కన పెట్టింది.

"ఇంత బరువెప్పుడయ్యారండీ మీరు?" అంది రొప్పుతూ.

అతను తాళంచెవి ఇచ్చేశాడు.

అలమర నిండా ఖాళీ బిస్కెట్ పొట్లాలు, అడుగంటిన జీడిపప్పు డబ్బా. గుడ్లు మాత్రం భద్రంగా ఉన్నాయి.

"నువ్వు కడుపు మాడ్చుకుంటుంటే నీ ఎదురుగా తినబుద్ధయ్యేది కాదే," నసిగాడు. "అందుకని నువ్వు జిమ్‌కి వెళ్ళాక..."

ఈ ఇంట్లో దొంగచాటు ఆకలి తనొక్కదానికే ఉందనుకుంది ఇన్నాళ్ళూ.

గుడ్లు ఉడికించి రెండు పళ్ళేల్లో పెట్టింది. "రండి. ఇక నుంచి నా ఎదురుగానే తినండి."

అతను మురిసిపోతూ వచ్చి కూర్చున్నాడు. ఆమె అలమరకి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకుంది.

"ఖాళీ అలమరకి తాళమెందుకే?"

"రేపు నింపుతాను. కాళ్ళావేళ్ళా పడ్డా ఇవ్వను."