చిటికెడు ఉప్పు

ఆ ఈస్టరు రొట్టెలో తాను ఉప్పు వేసిందా, మర్చిపోయిందా? పదమూడేళ్లుగా ఈ సందేహం కోడల్ని వదల్లేదు. కొత్త కోడలిగా వచ్చిన ఏడాది, అత్త చేతిలో ఉన్న పండగ రొట్టె పని మొదటిసారి ఆమె చేతికి వచ్చింది. ఉప్పు వేసినట్టే గుర్తు. కానీ తిన్న పదిహేడు మందీ రొట్టె చప్పగా ఉందన్నారు. అంతమంది నాలుకలు ఒక్కసారే పొరపాటు పడవు గదా అనుకుని, ఆమె తన జ్ఞాపకాన్నే అనుమానిస్తూ వచ్చింది.

ఈ ఈస్టరు ఉదయం మాత్రం గుప్పిట్లో ఉప్పు పట్టుకుని అత్త ఎదుట నిలబడింది.

"దీంట్లో కూడా ఉప్పు పడాల్సిందే అత్తయ్యా."

వంటగది బల్ల మీద రెండు పిండి ముద్దలున్నాయి. పెద్దది ఇంటిల్లిపాదికీ. పిడికెడంతది అత్తకి. ఆ చప్పని రొట్టె మరుసటి ఏడాది నుంచీ, ఏటా ఈస్టరుకి ఆవిడ తన ఒక్కదాని కోసం ఉప్పు లేని చిన్న రొట్టె కాల్చుకుంటుంది. అందరూ పెద్ద రొట్టె తుంచి, వెన్న రాసుకుని, ఉడికించిన గుడ్లతో తింటూంటే, ఆవిడ ఆ చప్పిడి ముక్కలే నమిలి మింగుతుంది. ఎందుకని అడిగితే నాకిదే చాలంటుంది. అంతకుమించి మాట రాదు.

ఆ మిగతా మాట ఆడపడుచు పూర్తి చేస్తుంది. చనిపోయినవాళ్లకి పెట్టినట్టు, అది మా వదిన ఉప్పుకి జ్ఞాపకార్థ కూడిక అని.

చప్పిడి వదిన, చప్పిడి పిన్ని, చప్పిడి కోడలు. బడి పిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి ఆమె. ఇన్నేళ్లలో ఒక్క గుండీ ఊడిందని ఎవరూ తిరిగి రాలేదు. అయినా బంధువుల్లో ఆమెకు స్థిరపడిన పేరు అదే.

ఇన్నాళ్లూ నవ్వేసి ఊరుకుంది. ఇవాళ తెల్లవారుజాము ఆరాధనలో పిల్లలంతా తమ ఇంటి పండగ భోజనం గురించి చెప్పారు. ఆమె కూతురు మైకు ముందు నిలబడి, మా అమ్మ ఒకసారి ఉప్పు మర్చిపోయిందని, దానికి గుర్తుగా మా నానమ్మ ఏటా చప్పిడి రొట్టె చేస్తుందని, అది మా ఇంటి ఆచారమని గడగడా అప్పజెప్పింది. మందిరమంతా నవ్వింది. పాస్టరుగారు పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నారు. యేసు సమాధి మీది రాయి దొర్లిపోయిందని అప్పుడే పాడిన నోళ్లవి. అంత పెద్ద రాయి మూడో రోజుకే దొర్లినప్పుడు, చిటికెడు ఉప్పు మాట పదమూడేళ్లయినా ఎందుకు కదలదో ఆమెకు అర్థం కాలేదు.

అత్త చిన్న ముద్దను అరచేత్తో కప్పుకుంది. "ఇది నా రొట్టె. దీని జోలికి రాకు అమ్మాయ్."

"మీ రొట్టె కాదత్తయ్యా, నా తప్పు. ఏటా పళ్లెంలో పెట్టి అందరికీ చూపిస్తున్నారు. ఇవాళ అది బల్ల మీదికొస్తే నేను రాను. ఇక ఏ పండక్కీ రాను."

లిఫ్టులు బాగుచేసే భర్త, రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులా ఇద్దరి మధ్యా నిలబడిపోయాడు. వేరే ఇల్లు చూడమని ఆమె పోయిన వారం అంటే, మాటవరసకి అందనుకున్నాడు. ఇప్పుడా మొహం చూస్తే అలా అనిపించలేదు. గుడ్లు వలుస్తున్న ఆడపడుచు మాత్రం, ఉప్పు చిటికెడు, ఉప్పెన గంపెడూనా వదినా అంది. ఎవరూ నవ్వలేదు.

కోడలు గుప్పిట్లో ఉప్పు సింకులో దులిపేసి గదిలోకి వెళ్లిపోయింది.

రొట్టెలు ఓవెన్‌లోంచి బయటికొచ్చాయి. అత్త రెండూ తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. కోడలు అది చూసింది. సంచీలో రెండు చీరలూ పిల్ల బట్టలూ సర్దుకుని గుమ్మం దగ్గరికి వచ్చి, కూతుర్ని చెప్పులేసుకోమంది. పిల్ల మొహం వాడిపోయింది.

"నేను తప్పు చెప్పానా అమ్మా?"

"లేదు తల్లీ. నువ్వు విన్నదే చెప్పావు."

ఆ మాటతో అత్త కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది. కొడుకు పట్టుకోబోతే వద్దంది. కోడల్ని గదిలోకి పిలిచి, తలుపేసుకుని చెబుదామని చాలాసార్లు అనుకున్నానని, ప్రతి పండక్కీ నోటి దాకా వచ్చి ఆగిపోయేదని మెల్లగా చెప్పింది. అయినా తలుపు చాటున చెబితే చెల్లదని, నలుగురి ఎదుట తీసుకున్నది నలుగురి ఎదుటే ఇచ్చెయ్యాలని అంది.

కోడలు గుమ్మంలోనే ఆగింది. "నా దగ్గర మీరేం తీసుకున్నారు అత్తయ్యా?"

అత్త మొదట ఆడపడుచు వైపు, కొడుకు వైపు, చివరికి మనవరాలి వైపు చూసింది.

"ఈ రొట్టె నీ తప్పుకి గుర్తు కాదమ్మా, నా తప్పుకి. ఆ రోజు నువ్వు ఉప్పు వేసే కలిపావు. పండగ రొట్టె పని నీ చేతికి పోయిందన్న అక్కసుతో, నువ్వు ఆరాధనకి వెళ్లగానే ఆ పిండి పారేసి, అదే గిన్నెలో చప్పిడి పిండి కలిపి పెట్టింది నేను."