అయిదు నిమిషాల రోగి

“గ్యాసు సార్. సోడా తాగితే దిగిపోతుంది,” అని తేల్చేశాడు మొదటి విద్యార్థి. మంచం మీది మనిషి పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు. గంట మోగింది. ప్రొఫెసరుగారు మార్కులు వేసి తర్వాతివాణ్ణి పిలిచారు.

డాక్టరు చదువుకు ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష అది. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. రోగి నిజం రోగి కాదు, నాటకాల నటుడు. అతను నటించాల్సిన రోగం పేరు సీలు వేసిన కవరులో ప్రొఫెసరుగారి జేబులోనే ఉంది. అందరూ అయ్యాకే విప్పాలి. ముందే తెలిస్తే తనవాళ్ళకు కళ్ళతో సైగ చేస్తారని కాలేజీవాళ్ళ అనుమానం. ఆ మాట ఆయనకు చిన్నతనంగానే ఉంది. ముప్ఫై ఏళ్ళ అనుభవం, కవరుతో పనేమిటని ధీమా.

నటుడి మీద మాత్రం ఆయనకు గురి కుదిరింది. పాత్రలో దిగితే గంట కొట్టినా బయటికి రాడని పేరు. పోయినేడు మూర్ఛ నటిస్తే ఆయా హడలిపోయి బకెట్టుడు నీళ్ళు కుమ్మరించింది. ఈసారి మోకాలికి కట్టుతో కుంటుతూ వచ్చాడు. పిల్లల్ని తికమక పెట్టే ఎత్తు కాబోలని ప్రొఫెసరుగారు మురిసిపోయారు.

రెండోవాడు అల్సరన్నాడు. మూడోవాడు కిడ్నీలో రాయన్నాడు. నటుడు భళ్ళున వాంతి చేసుకున్నాడు.

“శభాష్!” అన్నారు ప్రొఫెసరుగారు, ఉండబట్టలేక.

ఆఖరున ఒక అమ్మాయి వచ్చింది. రెండుసార్లు ఇదే పరీక్ష తప్పింది. ఈసారీ పోతే డాక్టరు కావాలన్న ఆశ వదులుకోవాల్సిందే.

“బాబాయ్‌గారూ, నొప్పి ఎప్పుడు మొదలైంది?”

“పొద్దున్నే తల్లీ. ముందు బొడ్డు చుట్టూ వచ్చింది. ఇప్పుడు కుడిపక్కన కిందకి దిగి తిష్ట వేసింది.”

ఆమె అక్కడ మెల్లగా నొక్కి, చటుక్కున చెయ్యి తీసింది. తీసినప్పుడే అతను కెవ్వుమన్నాడు. నుదురు ముట్టుకుని చూసింది.

“సార్, ఒళ్ళు కాలిపోతోంది. అపెండిక్సులా ఉంది. మాత్రేసుకుని పడుకునే నొప్పి కాదు. ఆలస్యమైతే లోపలే పగలొచ్చు. స్ట్రెచరు పిలవండి!”

“అపెండిక్సే. నేనూ అదే అనుకున్నాను. స్ట్రెచరెందుకమ్మా?”

“ఆపరేషన్‌కి సార్!”

“నటుడికా?” ఆయన పగలబడి నవ్వారు.

“నటన కాదండీ బాబూ, ప్రాణం పోతోంది!” అన్నాడు నటుడు, పళ్ళు బిగించి.

“విన్నావా? ఆ గొంతులో వణుకు చూడు!”

“జ్వరం నటిస్తే రాదు సార్.”

“నీకూ నాకూ రాదు. ఆయనకి వస్తుంది.”

ఆమె వరండాలోకి పరుగెత్తి కేకలు పెట్టింది. ఇద్దరు మనుషులు స్ట్రెచరు తోసుకొచ్చి నటుణ్ణి ఎక్కించారు.

“గది దాటావంటే సున్నా వేస్తాను!” అని అరిచారు ప్రొఫెసరుగారు.

“వేసుకోండి సార్!” అంటూనే ఆమె స్ట్రెచరు పట్టుకుని ఆపరేషన్ గది వైపు దౌడు తీసింది.

ఆయన అన్నంత పనీ చేశారు. ఆమెకు సున్నా వేశారు. నటుడికి నూటికి నూరు రాసి, కింద గీత కూడా గీశారు. ఆ తర్వాత తన ముప్ఫై ఏళ్ళ అనుభవాన్ని సరిచూసుకుందామని తీరిగ్గా కవరు చింపారు.

చీటీలో మోకాలి నొప్పి అని ఉంది.