తొలి గుప్పెడు జొన్నలు

“సొంతంగా పిండి గిర్నీ పెట్టినవాళ్లకు మిషన్ ఖరీదు మీద పన్ను తగ్గుతుంది. నీకు మాత్రం తగ్గదు,” అన్నాడు పన్నుల అధికారి.

పెద్దులు బిత్తరపోయాడు. “ఎందుకు సారూ? పైసలు నాయే. పని నేర్పిన కాటం మామ చెయ్యి మంచిదని, ఆయనతోని కొనిపిచ్చిన.”

“ఆ మిషన్ తనదేనని చెప్పి కాటమయ్య ఇప్పటికే పన్ను తగ్గించుకున్నాడు. నువ్వు ఆయన జీతగాడివట!”

సాక్ష్యం చెబుతాడని పెద్దులు వెంటబెట్టుకొచ్చిన కాటమయ్య తల దించుకున్నాడు.

“నాకు జర ఆసరైతదని గట్ల చెప్పిన, పెద్దులూ.”

పెద్దులు ఆయన చేతులవైపు చూశాడు.

“తొలినాడు గిర్నిల గుప్పెడు జొన్నలు పోసి, సల్లగుండు బిడ్డా అన్నవు. అప్పుడు ఎవరి గిర్ని అనుకొని పోసినవ్, మామా?”